తులసి కూలరు

"పాపా, మన గౌరి ఈనింది! ఐదో ఈత. పెయ్యదూడ!"

మదనపల్లె నుంచి నాన్న ఫోను వచ్చేసరికి ఆమని గేదెపాల క్యానుతో పాలకేంద్రం వరసలో నిలబడి ఉంది. పెళ్ళయి రెండు నెలలు. చిన్న సంతోషం దొరికినా పదిమందికి పంచిపెట్టందే ఉండలేదు. దూడ ఫొటో వరసంతా తిప్పింది.

"మా ఆవు తులసికి ఈ దూడ తల్లి సొంత అక్కండీ. తులసిని కొనడానికే మా ఆయన ఐదేళ్ళ కిందట మా ఇంటికొచ్చారు."

"ఆవు బేరానికొచ్చి పిల్లని చూసుకెళ్ళాడా! గట్టోడే మీ భవానీప్రసాదు" అంది ముందున్న రాజ్యశ్రీ. "మరి అక్క ఐదు ఈనితే, చెల్లెలు రెండు ఈతలకే వట్టిపోయిందేం?"

"ఏముందండీ, అంతా పెంపకంలో ఉంటుంది. మా వైపు ఆవులు ఏడెనిమిది ఈతలు ఈనుతాయి."

వరస గొల్లుమంది. "ప్రమీలమ్మ చెయ్యి అలాంటిది మరి!" అని ఎవరో అందుకున్నారు. ఆమని కూడా నవ్వుతూ వెనక్కి తిరిగింది. వెనక అత్తగారు ప్రమీలారాణి నిలబడి ఉంది.

"క్యాను మూత మర్చిపోయావమ్మా" అని చేతికిచ్చి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. క్షమించమని అడుగుదామని ఆమని కొట్టంలోకి వెళ్ళింది. సున్నపురాయి గుట్టల మీంచి సెగ కొడుతోంది. తులసి నోరు తెరిచి రొప్పుతోంది. అత్తగారు గోనెపట్టాలు తడిపి దాని వీపున కప్పుతోంది. ఆమని నీళ్ళ బకెట్టు దగ్గరికి జరిపింది.

"ఒంటి వేడి దిగందే చూలు నిలవదంట, డాక్టరుగారన్నారు" అంది ప్రమీలారాణి, తిరిగి చూడకుండానే. "మీ ఊళ్ళో పొద్దుగూకితే చల్లబడుద్దంటగా. ఇక్కడ తెల్లారుజామున కూడా సెగే. ఎన్నిసార్లు చూలుకి సూది వేయించినా నిలబడలా. ఎల్లుండి నందిగామ బేరగాడొస్తాడు. వట్టిదాన్ని ఎన్నాళ్ళు మేపుతామంటున్నారు మీ మావయ్య."

ఆమని చూపు గోడవారనున్న ఇనుపస్టాండు మీద పడింది. దాని పైనే ప్లగ్గు.

"ఇక్కడేముండేది అత్తయ్యా?"

"కూలరు. పోయిన ఎండల్లో దీనికోసమే కొన్నాం."

"మరేదీ?"

ప్రమీలారాణి పట్టా సర్దింది. "చల్లటి ఊరి పిల్లవి, మా ఎండకి తట్టుకోలేవని... కడిగించి, రంగేయించి మీ గదిలో పెట్టించా. నీతో చెప్పొద్దని వాడికి నేనే చెప్పా."

ఆమని మొహం సిగ్గుతో జేవురించింది. ఆ కూలరుకి తను సీతాకోకచిలకల స్టిక్కర్లు అంటించింది. దాని ముందు ఫొటోలు దిగింది. మా అత్తగారిల్లు ఊటీయే అని అమ్మతో గొప్పలు పోయింది. కొట్టం వాసనొస్తోందని వంక పెడితే, ఈవిడ మారుమాట లేకుండా గడ్డి మార్పించింది. చల్లటి ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఈ ఇంట్లో ఇద్దరు. తులసి గాలి తను లాక్కుని, పైగా అత్తగారి పెంపకాన్ని తప్పుబట్టింది.

"అత్తయ్యా, సాయంత్రం ఆయన రాగానే కూలరు ఇక్కడికొచ్చేస్తుంది. ఈ ఒక్క ఏడాదీ తులసిని ఉంచమని మావయ్యగారిని నేనే అడుగుతా."

"మరి నువ్వో?"

"మీ ఫ్యాను కింద నాకూ చాపేయండి." ఆమని తడిపట్టా అందుకుంది. "రేపు పొద్దున పాలకేంద్రానికి మీరూ రావాలి. ఇవాళన్న మాట ఆ వరసలోనే వెనక్కి తీసుకుంటా. కూలరు సంగతీ చెప్తా."

"ఊరుకోవే, నవ్వుతారు!"

"నవ్వనీండి. ఇవాళ మిమ్మల్ని చూసి నవ్వారు. రేపు నన్ను చూసి నవ్వుతారు."