కుడి బూటులో బొట్టు

సిల్వాన్ హుబర్ కువైట్‌లో దిగిన రోజే మునీంద్ర అతని వెల కట్టేశాడు. మొహం చూసి కాదు, బూట్లు చూసి.

పద్నాలుగేళ్లుగా ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ల బట్టలూ బూట్లూ చూసుకునే పని మునీంద్రది. అతనికి తెలిసిన లెక్క ఒకటే. మంచి రోజుల్లో ఉన్న ఆటగాడికి కంపెనీవాళ్లే పక్కన పేరు కుట్టి మరీ బూట్లు పంపుతారు. కాస్త దిగినవాడికి పేరు కుట్టరు, బూట్లు మాత్రం ఊరికే ఇస్తారు. ఇంకా దిగితే అంగట్లో కొనుక్కోవాల్సిందే. ఎయిర్‌పోర్టులో సిల్వాన్ సంచీ ఎత్తుకున్నప్పుడు జిప్పు సగం తెరిచి ఉంది. లోపల మూడు జతలు. పేరు కుట్టినది ఒక్కటే, అదీ దారాలు లేచిపోయిన పాత జత. మిగతా రెండూ అంగడి సరుకు. ఒకదానికి తగ్గింపు ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

మునీంద్ర చూపు ఆ చీటీ మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిచింది. సిల్వాన్ అది గమనించి సంచీ లాక్కున్నాడు.

"నా బూట్లు నువ్వు ముట్టుకోవద్దు. ఎప్పటికీ," అన్నాడు ఇంగ్లీషులో, చెవిటివాడికి చెప్పినట్టు ఒక్కో మాటా విడగొట్టి.

అతని చరిత్ర మునీంద్రకు ఫోన్లో చూసి చదివి చెప్పినవాడు అబ్దుల్ బాసిత్. కడపవాడు, క్లబ్బులో వీసాలూ, ఇఖామా అనే నివాస కార్డులూ చూసే మందూబ్.

"స్విట్జర్లాండ్ అంటప్పా. పందొమ్మిదేండ్లకే వాళ్ల దేశం పిలకాయల టీములో ఆడినాడు. ఇరవై రెండుకు జర్మనీ. ఆడ బాగా ఆడినాడు, ఫొటోలు చూడు ఎట్లుండాడో. ఇరవై ఆరుకు కుడి మోకాలు ఆపరేషన్. రెండేండ్లకు అదే మోకాలికి ఇంకోటి. ఆడి నుంచి కిందికే. చిన్న క్లబ్బు, ఇంకా చిన్న క్లబ్బు, సైప్రస్. ఇప్పుడు ముప్పై నాలుగు, మన నెత్తిన పడినాడు."

"మోకాలు సరిపోయినట్టేనా?"

"బాగుండాదని సంతకం పెట్టినాడు. ఇప్పుడేమన్నా దాస్తాండాడని తేలితే కాంట్రాక్టు ఖలాస్. ఆ కాగితం నేనే ఫైల్లో పెట్టినా."

మునీంద్ర తల ఊపాడు. పదహారేళ్ల ఆటలో మొదటి ఎనిమిదేళ్లు సరుకు, తర్వాత ఎనిమిదేళ్లు ఆ సరుకు పేరు చెప్పుకుని అమ్మకం. అతనికి అలా తోచింది.

రెండు నెలల్లో ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే పరిస్థితి వచ్చింది. సిల్వాన్ అతన్ని పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. "లాండ్రీ!" అని కేక వేసేవాడు. సామాన్ల గదిలో మునీంద్ర మధ్యాహ్నం పూట చిన్న కరెంటు కుక్కర్లో అన్నం, పుల్లగూర వండుకునేవాడు. ఆ వాసన తన చొక్కాలకు పడుతోందని సిల్వాన్ పైకి రాసి పంపాడు. ముదీర్, అంటే టీమ్ మేనేజరు, మనిషిని పంపి కుక్కర్ తీయించేశాడు. ఆ రోజు నుంచి మునీంద్ర చల్లటి రొట్టె తింటూ, నమిలిన ప్రతి ముక్కకూ సిల్వాన్‌ను తలుచుకునేవాడు.

దసరా వచ్చింది.

ఆయుధపూజ రోజు మునీంద్ర తన పనిముట్లకు బొట్టు పెట్టడం ఏ ఏడూ మానలేదు. బట్టలుతికే మెషీన్ వెనక ఒక బొట్టు, గాలి కొట్టే పంపుకు ఒక బొట్టు, బూట్ల అడుగున స్టడ్లు బిగించే రెంచికి ఒకటి. ఆ తర్వాత బూట్లు. ప్రతి ఆటగాడి కుడి బూటులో లోపలి అట్ట పైకి లేపి, దాని కింద కుంకుమ బొట్టు పెట్టి, అట్ట మళ్లీ అంటించేసేవాడు. బయటికి కనిపించేది కాదు. పద్నాలుగేళ్లలో ఎవరికీ తెలియలేదు.

కువైట్‌లోనే మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పనిచేసే అతని భార్య మద్దమ్మకు మాత్రం ఇది బొత్తిగా నచ్చేది కాదు. ఆ రోజు ఫోన్లోనూ తిట్టింది.

"బుద్ధుండాదా నీకు? కుంకుమ తీసకపోయి కాలి కింద పెడతావా?"

"లారీవాడు టైరుకు పెట్టుకోవడంల్యా? నాకు అన్నం పెట్టేవి అవేగదా మే."

"అయ్యి వాళ్ల బూట్లు, నీయి కాదు. దొరికితే ఏం జెప్తావు?"

"పద్నాలుగేండ్లకు దొరకంది ఇప్పుడు దొరుకుతాదా?"

"సరేలే, మామా పిలుస్తాంది," అని, ఇంటి యజమానురాలి కేకకు ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇరవై రెండు జతలయ్యాయి. మిగిలింది సిల్వాన్ జత, అతని లాకర్‌లో ఉంది. ముట్టుకోవద్దన్న మాట మునీంద్రకు గుర్తుంది. కానీ పూజలో ఒక్కటి తప్పిస్తే ఆ తప్పించినదానికే ఏదో అయితే? ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది? దేవుడి దగ్గర పక్షపాతం చూపడం కంటే మనిషి మాట దాటడం తక్కువ నష్టమనుకున్నాడు. మారు తాళంతో లాకర్ తీశాడు.

కుడి బూటు లోపలి అట్ట లేపితే చేతికి తేలిగ్గా వచ్చేసింది. కంపెనీ మందపు అట్ట కాదది, చిల్లుల పల్చటి గుడ్డ అట్ట. దాని కింద మడమ దగ్గర నల్ల రబ్బరు ముక్క ఒకటి. ఒక పక్క మందం, ఇంకో పక్క కత్తి అంచంత పల్చన. మోకాలి మీద బరువు పక్కకు జరగడానికి పెట్టేది. ఇలాంటివి మునీంద్ర ఇదివరకు చూశాడు, మోకాలు అరిగిపోయి ఆట మానేసినవాళ్ల చెప్పుల్లో.

ముట్టుకోవద్దన్నది ఇందుకా!

ముక్కను ఉన్నచోటే ఉంచి దాని మీదే బొట్టు పెట్టాడు. అట్ట కప్పేశాడు. ఎవరికీ చెప్పలేదు. బాసిత్‌కు కూడా. చేతిలో ఉన్న సరుకును మొదటి రోజే సంతకు తోలేవాడు కాదతను. కుక్కర్ వెనక్కి తెచ్చుకోవడానికా, "లాండ్రీ" అన్న నోరు మూయించడానికా, ఎందుకు పనికొస్తుందో అప్పుడే తేల్చుకోలేదు. దాచుకున్నాడు, అంతే.

ఆరో రోజు సాయంత్రం మ్యాచ్. ఇంకా వేడి తగ్గలేదు. మొదటి సగం అయ్యాక ఆటగాళ్లు లోపలికొచ్చి బెంచీల మీద కూలబడ్డారు. సిల్వాన్ కుడి బూటు విప్పాడు. తెల్ల మేజోడు మడమంతా ఎర్రగా ఉంది.

"దెబ్బ!" అంటూ ఈజిప్టు డాక్టర్ పరిగెత్తుకొచ్చాడు. మేజోడు లాగేశాడు. కాలికి గీత కూడా లేదు. సిల్వాన్ బూటును బెంచీ కిందికి తోయబోయాడు. డాక్టర్ చెయ్యే ముందు పడింది. అట్ట లాగాడు. చెమటకు కరిగిన కుంకుమా, దాని కింద రబ్బరు ముక్కా బయటపడ్డాయి. మిగతావాళ్ల బొట్లు మందపు అట్టల కింద ఎండిపోయి ఉన్నాయి. సిల్వాన్ ముక్క దాచడానికి పల్చటి అట్ట వేసుకున్నాడు, అందుకే ఎరుపు పైకి ఊరింది.

ముదీర్ ఆ ముక్క కేసి చూశాడు, తర్వాత సిల్వాన్ మోకాలి కేసి.

సిల్వాన్ మొహం పాలిపోవడానికి పట్టిన సమయం రెండు క్షణాలు. తేరుకోవడానికి పట్టింది ఒక్క క్షణం. వేలెత్తి మునీంద్రను చూపించాడు.

"అతను! నా లాకర్ తాళం అతని దగ్గర ఉంది. ఆ ముక్క నాది కాదు. ఆ ఎరుపు ఏమిటో అతన్నే అడగండి. ఏదో మంత్రం చేశాడు."

"సెహర్?" అన్నాడు డాక్టర్ అరబీలో, ఒక అడుగు వెనక్కి వేస్తూ.

చేతబడి. ఆ మాట వినగానే టీమ్ కెప్టెన్ తన నీళ్ల సీసా మునీంద్ర పక్క నుంచి తీసి ఇంకో వైపు పెట్టుకున్నాడు. రేపు మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత తన గదికి రమ్మన్నాడు ముదీర్ ఇద్దర్నీ.

బయట బాసిత్ మునీంద్ర చొక్కా పట్టుకున్నాడు.

"ఏం పని చేసినావురా? ఆ మాట కాగితమ్మీద పడిందంటే నేను గూడా ఏం చేయలేను. ఇఖామా కొట్టేసి, వేలిముద్ర తీసుకొని, ఫ్లైట్ ఎక్కించేస్తారు. మళ్లీ ఈ దేశంలో కాలు పెట్టేది లేదు. మద్దమ్మ సంగతేంది?"

"బొట్టు అన్నా. ఉత్త బొట్టు."

"బొట్టని నాకు తెలుసు. ఆ గదిలో ఎవనికి తెలుసు?"

మర్నాడు పొద్దున సిల్వాన్ సామాన్ల గదికి వచ్చాడు. తలుపు వేసి దానికి వీపు ఆనించాడు.

"నేను చెప్పేది విను. ఆ ముక్క నువ్వే పెట్టావని చెప్పు. బూటు వదులుగా ఉందని, బిగుతు కావాలని పెట్టావు. ఎరుపు ఏదో పాలిష్. నేను మంత్రం మాట వెనక్కి తీసుకుంటాను. ఇద్దరమూ ఉంటాం."

"చెప్పకపోతే?"

"నాకంటే ముందు నువ్వు విమానం ఎక్కుతావు. నా మాట నమ్ముతారా, నీ మాటా?"

మునీంద్ర చేతిలో పని ఆపలేదు, స్టడ్లు బిగిస్తూనే ఉన్నాడు. బేరం పైకి తూకం సరిపోయినట్టే ఉంది. కానీ ఆ మోకాలు ఎక్కువ రోజులు ఆగేది కాదు. అది విరిగిన రోజు, కిట్ మనిషి పెట్టిన ముక్క వల్లే విరిగిందని మొదట అరిచేవాడు ఇతనే. ఇవాళ తప్పించుకున్నది అప్పుడు రెండింతలై తగులుకుంటుంది.

"ఎనిమిది నెలలు," అన్నాడు సిల్వాన్. గొంతు కొంచెం తగ్గింది. "సీజన్ అయిపోయేదాకా. పదహారేళ్లు ఆడాను. నాకు ఇంకే పనీ రాదు. నీకు అర్థం కాదు. నువ్వు ఎక్కడైనా బట్టలు ఉతుక్కోగలవు."

ఆ చివరి మాట లేకపోతే ఏమయ్యేదో. మునీంద్ర రెంచి కింద పెట్టాడు.

"నా పేరు మునీంద్ర," అన్నాడు. "తలుపు వదులు. పనుంది."

జుహర్ తర్వాత ముదీర్ గదిలో డాక్టర్, కెప్టెన్, సిల్వాన్, బాసిత్ ఉన్నారు. బల్ల మీద ఆ కుడి బూటు. ముదీర్ ఒక్కటే అడిగాడు: "ఏమిటిది?"

అబద్ధాలు మూడు సిద్ధంగా ఉన్నాయి మునీంద్ర దగ్గర. రాత్రంతా వాటిని తిరగేసి చూశాడు. ప్రతిదానికీ ఎక్కడో ఒక చిల్లుంది. చిల్లు లేనిది నిజమొక్కటే, కాకపోతే దాని వెల చాలా ఎక్కువ.

"అందరి బూట్లూ తెప్పించండి," అన్నాడు తన వచ్చీరాని అరబీలో. "కుడి బూటు. అందరిదీ. ఒక్క బూటు చూస్తే మంత్రమనిపిస్తుంది. అన్నీ చూస్తే నా పని కనిపిస్తుంది."

బాసిత్ తెలుగులో గొణిగాడు. "మునీంద్రా, వద్దురా. అందరి బూట్లలో పెట్టినావా? చంపుతారు."

"చంపితే చంపనీ. దాస్తే వీడు చంపుతాడు."

బూట్లు వచ్చాయి. డాక్టర్ ఒక్కో అట్టా లేపాడు. గోల్‌కీపర్ బూటులో ఎర్ర బొట్టు. బ్రెజిల్ ఆటగాడి బూటులో ఎర్ర బొట్టు. కెప్టెన్ బూటు దగ్గరికి వచ్చేసరికి కెప్టెనే లాక్కుని తనే లేపాడు. బొట్టు. అతను బూటును గోడకేసి కొట్టాడు.

"నేను వీటితో ఆడాను! నన్నడగకుండా నీ పూజ నా బూట్లో పెడతావా?"

"తప్పే," అన్నాడు మునీంద్ర. "మా ఊర్లో ఏడాదికోసారి పనిముట్లకు పెడతాం. అన్నింటికీ ఒకేలా. ఒకరికి మంచి, ఒకరికి చెడు అని కాదు. మెషీన్ వెనక కూడా ఉంది, వెళ్లి చూడండి. బొట్టు ఇరవై మూడు బూట్లలో ఉంది. రబ్బరు ముక్క ఎన్నింట్లో ఉందో మీరే లెక్కపెట్టండి."

డాక్టర్ లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. ముదీర్ ఆ ముక్కను రెండు వేళ్లతో తీసి, సిల్వాన్ మడమ ఒత్తిడికి దాని మీద పడిన గుంటను వెలుతురుకు పెట్టి చూశాడు. ఎన్నో నెలల గుంట అది. తర్వాత బాసిత్‌ను ఫైలు తెమ్మన్నాడు. సిల్వాన్ ఆట ఆ గదిలో, కుర్చీలో కూర్చునే ముగిసింది.

మునీంద్ర లెక్కా అంతటితో పోలేదు. దేశంలో ఉండనిచ్చారు, సామాన్ల గది తాళాలు తీసుకున్నారు. ఇక అతను ఉతికే గదిలోనే, ఇంకొకరి కింద. దానికి తోడు ముదీర్ టీమ్ జాబితా అచ్చు వేయించి చేతికిచ్చాడు. ఇరవై మూడు పేర్లు. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి క్షమాపణ అడగాలి, పేరు పక్కన సంతకం తేవాలి. సాయంత్రంలోగా.

కెప్టెన్ సంతకం పెట్టి పెన్ను నేల మీద పారేశాడు. గోల్‌కీపర్ నవ్వి, నా మీద గోల్స్ పడని రోజుల్లో అది ఆ బొట్టు వల్లేనా అన్నాడు. బ్రెజిల్ ఆటగాడు మెడలో సిలువ చూపించి భుజం తట్టాడు. ఇద్దరు కనీసం తలెత్తి చూడలేదు, గీత గీసి పంపారు. ఒకడు పావుగంట నిలబెట్టాడు. ఇరవై రెండు సంతకాలయ్యాయి.

ఇరవై మూడో పేరు హుబర్. జాబితాలోంచి ఇంకా ఎవరూ కొట్టేయలేదు.

సిల్వాన్ లాకర్ ముందు సంచీ సర్దుకుంటున్నాడు. మునీంద్ర కాగితం చాచాడు.

"అడగకుండా నీ లాకర్ తీశాను, బొట్టు పెట్టాను. దానికి క్షమించు. ముక్క సంగతి నాది కాదు."

సిల్వాన్ పెన్ను తీసుకోలేదు. "ఆ ముక్క ఎప్పుడు చూశావు?"

"పెట్టిన రోజే."

"ఆరు రోజుల ముందు."

"అవును."

"ఆ రోజే ముదీర్‌కు చెప్పి ఉంటే నిజాయితీ అనేవాణ్ని. నాకు చెప్పి ఉంటే తీసి పారేసేవాణ్ని. రెండూ చేయలేదు." సిల్వాన్ మొదటిసారి అతని కళ్లలోకి సూటిగా చూశాడు. "నువ్వు ధర పెరగడానికి ఆగావు."

పద్నాలుగేళ్లలో సరుకును ఇంత సరిగ్గా గుర్తుపట్టినవాడు మునీంద్రకు ఇంకొకడు తగల్లేదు.

"సంతకం పెట్టు," అన్నాడు. "ఐదింటికి ఇచ్చేయాలి."

సిల్వాన్ కాగితాన్ని తలుపుకు ఆనించి, పెద్ద అక్షరాలతో, అభిమానులకు పెట్టినట్టు అడ్డంగా సంతకం చేశాడు. అది తన గడి దాటి పైనున్న రెండు పేర్ల మీదికి కూడా ఎక్కింది. పెన్ను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

అది మునీంద్ర పెన్ను. అతను వెనక్కి అడగలేదు. కాగితం మడిచి ముదీర్ గది వైపు నడిచాడు.