పాపను తూచిన రాళ్లు

నన్ను దొంగ అంటే పడతాను. ఇరవై ఏళ్లుగా పాత పేపర్ల వ్యాపారంలో ఉన్నవాణ్ని, అంతకంటే పెద్ద మాటలే పడ్డాను. కానీ పసిపిల్ల నోటి దగ్గరి పాలు కొట్టేశానని ఎవరైనా అంటారని కలలో కూడా అనుకోలేదు. అన్నది మా మేడ మీద కిరాయికుండే రమ్య. అన్న మాట అబద్ధమూ కాదు.

నా పేరు బుగ్గయ్య. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో దుకాణం. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదివే పిల్లలు నోటిఫికేషన్ పడుతుందంటే గైడ్లు కొంటారు, పడదంటే మూటగట్టి తెచ్చి నాకు అమ్ముతారు. ప్రభుత్వం ఎట్లా నడిచినా నా దుకాణం నడుస్తుంది.

దూలానికి వేలాడే నా తరాజు పెద్దది. తూకం రాళ్లు రెండు జతలు. మొదటి జత మీద ప్రభుత్వ ముద్ర ఉంటుంది. అది గోనె సంచిలో నిద్రపోతుంది, తూనికల ఇన్‌స్పెక్టర్ వస్తే లేస్తుంది. రెండో జత రోజూ వాడేది. వాటి అడుగున తొలిపించి సీసం పోయించాను. కిలో రాయి కిలోంబావు ఉంటుంది, రెండు కిలోల రాయి రెండున్నర. అంటే మీరు కిలోంబావు కాగితం తెస్తే నేను కిలో అంటాను. మా ఉస్తాద్ మాసయ్య నేర్పిన విద్య ఇది. ఈ లైన్లో అందరూ చేసేదేగా అని నా మనసుకు చెప్పుకునేవాణ్ని. నా మనసు కూడా మంచిదే, చెప్పినప్పుడల్లా ఒప్పుకునేది.

మేడ మీద రమ్య, నాగేందర్, వాళ్ల రెండు నెలల పాప. నాగేందర్ గ్రూప్ టూకు చదువుతున్నాడు. పొద్దున లైబ్రరీకి పోతే చీకటి పడ్డాకే రాక, అంతవరకు ఫోను బంద్. రమ్యకు తల్లి లేదు. అందుకని అత్త కమలవ్వ పరకాల దగ్గరి ఊరి నుంచి వచ్చి బాలింతను చూసుకుంటోంది. నోరు పెద్దదే కానీ కోడలికి పొద్దున లేస్తూనే వెల్లుల్లి కారంతో వేడి అన్నం కలిపి పెట్టే మనిషి.

నాకు ఆ ఇంటితో ఒకటే పేచీ. పాప గుడ్డలు. సరిగ్గా నా దుకాణం మీదికి తీగ కట్టి ఆరేసేవాళ్లు. మొదట్లో నాలుగైదు ఉండేవి, ఊరుకున్నాను. జనవరి చివరికొచ్చేసరికి తీగ నిండిపోయింది. పది, పన్నెండు గుడ్డలు. నీళ్లన్నీ నా పేపర్ కట్టల మీద.

"అక్కా! నీ మనుమరాలు నా దుకాణం ముంచుతది!" అని అరిచాను ఒకరోజు.

"ముంచనియ్ తమ్మీ! నీ పాపాలన్న కడుగుతది," అంది కమలవ్వ పైనుంచి.

ఆ మాటకు నవ్వుకున్నాను కూడా.

అది రెండువేల పన్నెండు. మేడారం జాతర పది రోజుల్లో ఉంది. సమ్మక్క తల్లికి బెల్లమే బంగారం. మొక్కుకున్నవాళ్లు మనిషి ఎత్తు బెల్లం తూచి సమర్పిస్తారు. పెళ్లయిన ఐదేళ్లకు పుట్టిన పిల్ల కాబట్టి కమలవ్వ పాప ఎత్తు బంగారం మొక్కుకుంది. ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు పాపను కొత్త తువ్వాలలో చుట్టుకుని దిగింది. వెనకాల రమ్య.

"తమ్మీ, జర నీ తరాజు ఖాళీ చెయ్యి. మా పిల్ల ఎత్తు బంగారం ఎంతైతదో చూద్దాం. కిరాణా షాపాయన కాంటా మీద పిల్లను పండబెట్టనియ్యడట, ఖరాబైతదట. అయినా కరెంటు కాంటాలది ఏం నమ్మకం? తరాజు అబద్ధమాడదు."

అప్పుడు నా పక్కన భాగ్యశ్రీ నిలబడి ఉంది. ఎదురు హాస్టల్ పిల్ల, ఎస్సై పరీక్షకు చదువుతోంది, పుస్తకాల మూట తూకం వేయించుకోవడానికి వచ్చింది. ఆ పిల్ల ముందు గోనె సంచి విప్పి ముద్ర రాళ్లు తీస్తే, ఇవెందుకు, అవెందుకు అని అడగదా? అడుగుతుంది. పోలీసు కావాలనుకునే పిల్ల. అందుకని రోజూ వాడే రాళ్లే వేశాను. పాప బరువు తక్కువ చూపిస్తే ఏమవుతుంది, కమలవ్వకు బెల్లం ఖర్చు కలిసొస్తుంది అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

పాపను తువ్వాలతో సహా తట్టలో పెట్టారు. అలాంటిదే దాని జోడీ తువ్వాలను రాళ్ల తట్టలో వేయించింది కమలవ్వ. ఆ మొక్కులో గుడ్డ బరువు కూడా కలవకూడదట. పాప కాళ్లు ఆడిస్తూ దూలం వైపు చూస్తోంది. రెండు కిలోల రాయి వేశాను, కిలో రాయి వేశాను, రెండు వందలు, వంద. ముల్లు మధ్యలో నిలిచింది.

"మూడు కిలోల మూడు వందలు!" అని హుషారుగా అరిచాను.

"ఎంత?" అంది రమ్య.

"మూడు మూడు వందలు బిడ్డా."

"మల్లొకసారి చూడు కాకా."

మళ్లీ చూశాను. రాళ్లు మారకపోతే తూకం మాత్రం ఎందుకు మారుతుంది? రమ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. తట్ట అంచు పట్టుకుంది.

"పదిహేను రోజుల కింద నారాయణగూడ డాక్టరమ్మ దగ్గర మూడు కిలోల ఆరు వందలుండె. పుట్టినప్పుడు రెండు తొమ్మిది వందలు. నెలన్నరకు ఏడు వందలే పెరిగింది, జర స్లో అన్నది. రెండు గంటలకొకసారి లేపి తాపు, ఒక దిక్కు మొత్తం అయినంకనే రెండో దిక్కు ఇయ్యి, పదిహేను రోజులకు చూద్దాం, అప్పటికీ పెరగకపోతే డబ్బా పాల సంగతి ఆలోచిద్దామన్నది. ఇయ్యాల సాయంత్రం పోవాలె. నేను నిద్ర పోలేదు కాకా. పదిహేను దినాలు అలారం పెట్టుకొని తాపిన. పెరుగుడు కాదు, తగ్గింది!"

ఈ డాక్టరు సంగతి నాకేం తెలుసు?

"యంత్రాలకు జర తేడా ఉంటది బిడ్డా," అని నసిగాను.

"మూడు వందల గ్రాముల తేడానా?" అని కమలవ్వ నన్ను కసిరి, పాపను ఎత్తుకుని గుండెకు అదుముకుంది. ఇద్దరూ మెట్లెక్కారు. నేనేం చేశానో తెలుసా? భాగ్యశ్రీ మూట ఎత్తి అదే తట్టలో వేశాను. అవే రాళ్లతో తూచాను. అదే అలవాటు.

పన్నెండింటికి పాప ఏడుపు మొదలైంది. పసిపిల్లలన్నాక ఏడుస్తారు. ఒంటిగంటకూ ఏడుస్తోంది. మామూలుగా ఆ పిల్ల ఏడుపు రెండు నిమిషాలకు ఆగిపోయేది, రమ్య ఎత్తుకోగానే. ఆ రోజు ఆగలేదు. నా చేతిలో సుతిలి తాడు ముడి పడడం లేదు. భాగ్యశ్రీ ఎదురు హాస్టల్ నుంచి పుస్తకం చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చి మెట్లెక్కింది.

రెండింటికి కమలవ్వ సంచి పట్టుకుని దిగింది.

"ఎక్కడికక్కా?"

"చిక్కడపల్లి మందుల షాపుకు. డబ్బా, పాల బాటిల్ తెస్త. దానికి పాలు ఎండినయ్ తమ్మీ. పదకొండింటి నుంచి పిల్లను దగ్గరికి తీసుకోలేదు. ఖాళీ రొమ్ము నోట్లో పెట్టి బిడ్డను మోసం చెయ్యనంటది. నేనే అన్న, నీ పాలల్ల సత్తువ లేదని. ఏం చెయ్య, కడుపు మండి అన్న."

"డాక్టరు దగ్గరికి పోండ్రి!"

"ఆమె ఆరింటికే వస్తది. అప్పటిదాక పిల్ల ఉపాసం ఉండాలెనా? డాక్టరేం చెప్తది? నీ తరాజు చెప్పనే చెప్పె."

పోయింది. నేను గల్లాపెట్టె ముందు కూలబడ్డాను. పదకొండు నుంచి! అంటే మూడు గంటలు! నేను ఇరవై ఏళ్లుగా కాగితాలే దొంగిలించాననుకున్నాను. ఈ రాళ్లు మేడెక్కి పసిపిల్ల కంచం లాగేస్తాయని ఎవరనుకున్నారు? అప్పుడు తలెత్తి చూశాను. తీగ మీద పన్నెండు గుడ్డలు. తాగనిది పాప ఇన్నిసార్లు తడుపుతుందా? పదిహేను రోజులుగా ఆ నీళ్లు నా నెత్తిన పడుతూనే ఉన్నాయి, నేను వాటితో కొట్లాడుతున్నాను. థూ నా బతుకు!

అయినా నేను వెంటనే నిజం చెప్పలేదు. అదీ చెప్పాలి. గోనె సంచిలోంచి ముద్ర రాళ్లు తీసి, తుడిచి, తట్ట పక్కన పెట్టుకున్నాను. ఇంకోసారి తూస్తే చాలు, పరువూ పోదు, పాపా బతుకుతుంది అని లెక్క వేసుకున్నాను. కమలవ్వ డబ్బాతో వచ్చి పైకి పోయిన కాసేపటికి నేనూ మెట్లెక్కాను.

భాగ్యశ్రీ పాపను భుజాన వేసుకుని తిరుగుతోంది. పాప గొంతు బొంగురుపోయింది. కమలవ్వ గిన్నెలో పొడి కలుపుతోంది. రమ్య గోడకు ఆనుకుని, గుండెల మీద తువ్వాల అదుముకుని కూర్చుంది.

"అక్కా, నేను తూకంల ఏదో పొరపాటు చేసిన. పాపను మల్ల తీస్కరా, చూద్దాం."

"పొరపాటేంది? రెండు, ఒకటి, రెండు వందలు, వంద. నేను కండ్లార చూసిన," అంది కమలవ్వ.

"నా బిడ్డను మల్ల ఆ తట్టల పెట్టను," అంది రమ్య. నా వైపు తిరిగింది. ఆ తువ్వాలంతా తడి. పైటంతా తడి. నేను తల వంచుకున్నాను.

"చూసినవా కాకా? కారిపోతనే ఉన్నయ్. ఇవి పాలు కావు, నీళ్లు. పాలైతే బిడ్డ ఎందుకు తగ్గుతది?"

ఆ మాట విన్నాక ఇంక ఏ లెక్కా గుర్తు రాలేదు. నాలుగు మెట్లకొక అంగ వేస్తూ కిందికి ఉరికాను. కిలో రాళ్లు రెండు తెచ్చాను, ముద్రది ఒకటి, నాది ఒకటి. కమలవ్వ రెండు చేతుల్లో పెట్టాను.

"ఎత్తి చూడక్కా. ఏది బరువుంది?"

ఎత్తింది. కుడిచెయ్యి కిందికి జారింది. "ఇదేంది? రెండూ కిలోయే గద?"

"కాదు. నీ కుడిచేతిలది దొంగ రాయి. అడుగున సీసం ఉన్నది. రెండు కిలోల రాయిల కూడా ఉన్నది. నేనే పోయించిన. పాప మూడు మూడు వందలు కాదక్కా, నాలుగు కిలోలు దాటింది! బిడ్డా, నీ పాలు నీళ్లు కావు. దొంగది నా రాయి. పాపకు ముందు పాలియ్యి తల్లీ!"

భాగ్యశ్రీ కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది. మూడేళ్ల నుంచి నాకు పుస్తకాలు అమ్ముతున్న పిల్ల అది.

రమ్య లేచి భాగ్యశ్రీ భుజం మీది నుంచి పాపను లాక్కుంది. నేను బయటికి వచ్చి మెట్ల మీద గోడవైపు తిరిగి నిలబడ్డాను. లోపల ఏడుపు తెగినట్టు ఆగిపోయింది. తర్వాత గుటకలు వినిపించాయి. గుటక, గుటక, మధ్యలో ఒక దగ్గు, మళ్లీ గుటక. యాభై ఏళ్లవాణ్ని, గోడకు తల ఆనించి ఏడ్చాను.

కమలవ్వ గిన్నెలో కలిపిన పాలు మోరీలో పారబోసి వచ్చింది. రాయి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నెత్తిన వేస్తుందనే అనుకున్నాను.

"నీ చేతులు విరుగ! సమ్మక్క తల్లి బంగారాన్ని దొంగ రాయితోని తూచినవా? దాన్ని నేను ఎన్ని మాటలన్న! తల్లి లేని పిల్లను పట్టుకొని, సత్తువ లేదంటి, ఎండినయంటి. ఆ మాటలు ఇప్పుడు ఎట్ల వాపస్ తీసుకోవాలె నేను?"

కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూర్చుండిపోయింది.

సాయంత్రం ఆటోలో నారాయణగూడ పోయారు. నేను దుకాణం మూయకుండా ఎదురుచూశాను. ఎనిమిదింటికి వచ్చారు. కమలవ్వ ఆటో దిగుతూనే సందంతా వినపడేట్టు అరిచింది: "నాలుగు కిలోల యాభై! నాలుగు వందల యాభై గ్రాములు పెరిగింది నా బంగారం! ఇట్లనే తాపుమన్నది డాక్టరమ్మ!" నేను లేచి నిలబడ్డాను. రమ్య నా ముందు నుంచే పోయింది, చూడలేదు.

మర్నాడు పొద్దున నా దుకాణం ముందు హాస్టల్ పిల్లలు పదిమంది. భాగ్యశ్రీ ఊరుకునే రకం కాదు. తిట్టారు, పడ్డాను. దొంగ రాళ్లను వాళ్ల ముందే సుత్తితో పగలగొట్టాను. మూడేళ్ల మూటలకు లెక్క కట్టమంది భాగ్యశ్రీ. కడతానన్నాను. వాళ్లంతా పోయాక రమ్య దిగింది. చంకలో పాప, చేతిలో నిన్నటి పాల డబ్బా. దాన్ని తట్టలో పెట్టింది.

"పాత డబ్బాలు కొంటవు గద కాకా. తూచు."

ముద్ర రాళ్లతో తూచాను. ఎంత తూగిందో చెప్పాను. ఆమె తల ఊపింది.

"ఇది సరిగ్గ తూచినవ్. నిన్న పదకొండింటి నుంచి మూడున్నర దాక నా బిడ్డ నన్ను చూసి ఏడ్చింది, నేను మొఖం తిప్పుకొని కూసున్న. నోటి దగ్గరి పాలు కొట్టేసినవ్ కాకా. ఆ నాలుగున్నర గంటలు ఏ రాయితోని తూచి ఇస్తవ్?"

డబ్బా అక్కడే వదిలేసి ఆమె మెట్లెక్కింది. పైన తీగ మీద నుంచి నీళ్లు నా పేపర్ల మీద పడుతున్నాయి. కట్టలు పక్కకు జరిపాను. ఇప్పటికీ తట్టలో ఏది పెట్టినా, పైన పాప ఏడుస్తోందేమో అని ఒకసారి చెవి పెట్టి విని, ఆ తర్వాతే రాయి వేస్తాను.