కాపితాన్ గారి తుపాకీ నీడ

నమ్మనివాళ్లుంటే ఇప్పుడే లేచి తాల్ సరస్సులో దూకండి. మొదలుపెట్టాక నన్ను ఆపడం ఆ సరస్సు నడుమనున్న అగ్నిపర్వతం వల్ల కూడా కాదు.

మా ఊరి లాయరు సెవెరినో మలాబనాన్ ఒకప్పుడు అమెరికావాళ్ల మీద తిరగబడ్డ సేనలో కాపితాన్, అంటే దళనాయకుడు. ఒక్క దగ్గు దగ్గి నలభైమంది అమెరికా సిపాయిలను చెరుకుతోటలోంచి పరుగెత్తించాడు. లొంగిపోయిన రోజు ఆయన తుపాకీ అప్పగించాడు గానీ, ఆయన నీడ అప్పగించలేదు. తెల్లకోటు తొడుక్కుని కోర్టుకు పోతుంటే, వెనకాల నీడ భుజాన తుపాకీతో నడిచేది. చీమలపుట్ట దాటేటప్పుడు అందులో కాపురముండే ముసలి భూతాన్ని దారి అడిగినట్టే, మావాళ్లు ఆ నీడనీ దారి అడిగి దాటేవారు. అమెరికా దొరల కంట పడితే మాత్రం లాయరు పట్టా పోతుంది, మెడా పోతుంది. అందుకే ఆయన నడినెత్తిన ఎండ ఉండి, నీడ కాళ్లకింద ముడుచుకుని ఉండగానే వాదన ముగించేవాడు.

ఒకసారి ఆయన పాత సిపాయి ప్లాసిడోని బందిపోటని పట్టుకొచ్చారు. తిరుగుబాటు సిపాయికైతే క్షమాభిక్ష, బందిపోటుకైతే ఉరి. అతని పొలం మీద కన్నేసిన ఊరిపెద్ద ఫుల్హెన్సియో, "వాడు దొంగే, ఏనాడూ సిపాయి కాడు" అని సాక్ష్యానికి సిద్ధమయ్యాడు.

విచారణ సాగి సాగి పొద్దు వాలింది. కిటికీలు మూసి ఉన్నాయి. సెవెరినో లేచి పడమటి కిటికీ వైపు నడిచాడు.

"కాపితాన్, ఆ కిటికీ జోలికెళ్లకు," ప్లాసిడో గొణిగాడు. "ఇద్దర్నీ ఒకే తాడుకి కడతారు."

"నీ బండమెడకే రెండు తాళ్లు కావాల్రా, నోర్ముయ్," అన్నాడు సెవెరినో. తుప్పు గడియ మొదటిసారికి కదల్లేదు. రెండోసారికి ఊడింది.

ఎండ లోపలికి పడింది. నేల మీద రెండు నీడలు పొడుగ్గా సాగాయి, రెండింటి భుజాలా తుపాకులే.

సాక్షిని పిలిచారు. ఫుల్హెన్సియో వచ్చి, అలవాటు చొప్పున టోపీ తీశాడు. "తప్పుకో కాపితాన్, దాటుతున్నా." దాటాడు. "నువ్వూ తప్పుకో సిపాయీ." ప్లాసిడో నీడనీ దాటాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు అమెరికా జడ్జి.

దుబాసీ కాపితాన్ మాట దాటేశాడు. "సిపాయి నీడని దారి అడిగాడు దొరా."

"ఏ సిపాయి?"

ఏనాడూ సిపాయి కాడన్న ఫుల్హెన్సియో గబుక్కున టోపీ నెత్తిన పెట్టేసుకున్నాడు. జడ్జి నేలవైపు చూశాడు. కోర్టులో నిలబడ్డ నా చెమటచుక్క రాలిన చప్పుడు మనీలా దాకా వినిపించింది. సెవెరినో కళ్లు మూసుకున్నాడు. జడ్జి మెల్లగా, తుపాకీ గొట్టం నీడ మీంచి తన బూటుకాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"కిటికీ మూయండి," అన్నాడు. "ముద్దాయి సిపాయే. క్షమాభిక్ష."

మరుసటి ఎన్నికల్లో మేం సెవెరినోని శాసనసభకు పంపాం, నీడతో సహా. అబద్ధమైతే నా నాలుక కోయండి. దానికి ముందు చర్చి వెనకవీధికెళ్లి ఆ దుబాసీని అడగండి. ఇంకా బతికే ఉన్నాడు, అనాక్లెతో కటిగ్బాక్.