గుల్నార్ హోటల్‌లో పదకొండు బిస్కెట్లు

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు గోల్‌కీపర్ విల్సన్ ఎడమ భుజం లేకుండా మైదానంలోకి వస్తాడు. భుజంతో పాటు చెయ్యి కూడా లేదు. రిఫరీ అతని చుట్టూ ఒకసారి తిరిగి, గ్లోవ్స్ రెండూ తెచ్చావా అని అడుగుతాడు. తెచ్చాడు. ఒకటి చేతికి ఉంది, రెండోది నడుముకు దోపుకున్నాడు. రిఫరీ తృప్తిపడి ఈల ఊదుతాడు.

తూర్పు గ్యాలరీలో నాలుగో మెట్టు మీద బాలనర్సు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆ భుజం ఎటు పోయిందో ఆయనకు తెలుసు. పోయిన ఆదివారం ఆయనే తిన్నాడు. అంచు కొంచెం మాడింది గానీ తినలేనంతగా ఏమీ లేదు.

తోటగూడ రోవర్స్ అభిమానులకు ఇది ముప్పై ఎనిమిదేళ్ళ పద్ధతి. ఆట అయిపోగానే అందరూ గ్రౌండు ఎదురుగా ఉన్న గుల్నార్ హోటల్‌కు పోతారు. గౌస్ భాయ్ పాలరాతి టేబుల్ తుడిచి పదకొండు ఉస్మానియా బిస్కెట్లు పరుస్తాడు. గోల్‌కీపర్ ఒకటి, వెనక నాలుగు, నడుమ నాలుగు, ముందు రెండు. గోల్‌కీపర్ వెనకాల పొరలు పొరలుగా ఉండే ఒక ఖారీ పెడతాడు. అది కోచ్. పెద్దకుర్చీలో కూర్చున్నాయన ఒక్కో బిస్కెట్ ఎత్తి, ఆ ఆటగాడి మీద ఒక మాట అని, తప్పు చేసిన చోట కొరుకుతాడు. కొరికినంత మేర వచ్చే ఆదివారానికి ఆటగాడిలో ఉండదు.

పెద్ద తప్పు చేసినవాణ్ణి చాయ్‌లో ముంచాలి. మూడు లెక్కపెట్టి తీసి, తడిసినంత మేర తినాలి.

మంచి మాట పడిన బిస్కెట్ కోసం కౌంటర్ మీద ఒక గాజు సీసా విడిగా ఉంది. అందులో ఒకసారి పడితే ఆ ఆటగాణ్ణి ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆ సీసాలో ముప్పై ఎనిమిదేళ్ళుగా గాలి ఉంది.

ఆటగాళ్ళు దీని మీద ఎన్నడూ గొడవ చెయ్యలేదు. పెద్దకుర్చీలో ఎవరున్నారని మాత్రం అడుగుతారు. పద్నాలుగేళ్ళుగా బాలనర్సే ఉన్నాడు.

వర్క్‌షాపులో ముప్పై మూడేళ్ళు వ్యాగన్లకు బోల్టులు బిగించాడు. ఆ ముప్పై మూడేళ్ళలో ఏ ఫోర్‌మన్ కూడా నీకేమనిపిస్తుంది బాలనర్సూ అని అడగలేదు. భార్య ఉన్నన్నాళ్ళు ఆమే మాట్లాడింది, ఆయన విన్నాడు. పెద్దకుర్చీలో కూర్చుంటే ముప్పై మంది కప్పులు కింద పెట్టి నోరు మూసుకుంటారు. ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. ఆ కుర్చీ పోతే తనకు ఇంకేమీ లేదని ఆయనకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఆట సాగుతోంది. రైట్ బ్యాక్ వెనక్కి తిరగడం మొదలుపెట్టాడు. పోయిన వారం మొదలుపెట్టిన తిరుగుడే ఇంకా పూర్తి కాలేదు.

"గూడ్స్ బండి రివర్స్‌ల వస్తున్నట్టే" అంటాడు బాలనర్సు. పక్కవాళ్ళు కాగితాల మీద రాసుకుంటారు.

కెప్టెన్ ఆరిఫ్ ఆడడు, అందరికీ వేలు చూపించేవాడు. అందుకని మూడు వారాల కింద బాలనర్సు ఆ వేలు తిన్నాడు. తర్వాత ఆరిఫ్ గడ్డంతో చూపించాడు. గడ్డమూ పోయింది. ఇప్పుడు ఎటు చూపించాలన్నా మనిషి మొత్తం అటు తిరిగి, గాలికోడిలాగా నిలబడతాడు. గాలి పడమటి నుంచి వీచినప్పుడు పాస్‌లు సరిగ్గా పడుతున్నాయి.

గీత అవతల కోచ్ పీటర్ సార్ చేతులు ఊపుతున్నాడు. ఆయన బాగా తేలికైపోయాడు. ఎగిరిపోకుండా ఇద్దరు సబ్‌స్టిట్యూట్లు ఆయన చొక్కా పట్టుకుని కూర్చున్నారు.

"ఈయనకు ఆట వచ్చా?" అని వెనక మెట్టు మీది నుంచి మొగులయ్య అడుగుతాడు. మొగులయ్య కిరాణా కొట్టు మనిషి. తొమ్మిదేళ్ళుగా పెద్దకుర్చీ పక్క కుర్చీలో కూర్చుంటున్నాడు. పక్కనుంచి లేవాలని ఉంది.

"పొరలు వచ్చు" అంటాడు బాలనర్సు.

"నీ అల్లుడు మాత్రం నున్నగ మెరుస్తున్నడు బాలనర్సన్నా. కడమోళ్ళంత ఎలుకలు కొట్టినట్టున్నరు."

సెంటర్ ఫార్వర్డ్ రాజలింగు బాలనర్సు మేనల్లుడు. రోవర్స్‌లో చెవులు, ముక్కు, పది వేళ్ళు సరిగ్గా ఉన్నది అతనొక్కడికే. అక్క పోయినప్పుడు పిల్లవాడికి నాలుగేళ్ళు. బాలనర్సే పెంచాడు. వర్క్‌షాపు క్వార్టర్ల గోడ మీద సుద్దముక్కతో గోల్ గీసి, అందులోకి తన్నడం నేర్పాడు. ఒకరింటికి పోతే ఎట్లా మెలగాలో కూడా నేర్పాడు. మిగతావి నేర్పడానికి ఆయనకూ రావు.

ఎనభై తొమ్మిదో నిమిషంలో రోవర్స్‌కు పెనాల్టీ వస్తుంది. గెలిస్తే లీగులో ఉంటారు. లేకపోతే కిందికి పోతారు.

రాజలింగు బంతి పెట్టి నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. ఈలోపు గోల్ సన్నబడుతుంది. రెండు స్తంభాలు దగ్గరికి జరిగి, మధ్యలో వల దగ్గరపడి చెక్కగా మారి, గోధుమ రంగు తలుపు అవుతుంది. గొళ్ళెం ఇత్తడిది. గ్యాలరీలో ఎవరూ లేవరు. ఎనభై తొమ్మిదో నిమిషంలో గోల్ ఇట్లాగే ఉంటుందని అందరికీ తెలుసు.

రాజలింగు పరుగెత్తుకొచ్చి తలుపు ముందు ఆగుతాడు. బంతి తీసి చంకలో పెట్టుకుంటాడు. బూట్లు గడ్డికి తుడుచుకుంటాడు. మూడుసార్లు తలుపు కొడతాడు.

"ఎవరూ?" అని లోపలి నుంచి అవతలి గోల్‌కీపర్ గొంతు.

"రాజలింగునండి. పెనాల్టీ ఉండె."

"అన్నాలు తింటున్నం బిడ్డా. మళ్ళ రా."

"మంచిదండి" అని రాజలింగు వెనక్కి తిరుగుతాడు. రిఫరీ గడియారం చూసి చివరి ఈల ఊదుతాడు.

బాలనర్సు మెట్లు దిగి కంచె దగ్గరికి పోతాడు. మేనల్లుడు అవతలి వైపు నిలబడి ఉన్నాడు. చంకలో బంతి ఇంకా ఉంది.

"తలుపు తన్నాలె గని, కొడతరార ఎవడన్న?"

"అన్నాలు తింటుండ్రు మామా."

"తింటే?"

"తినేటప్పుడు ఎవరింట్లకు జొరబడొద్దని నువ్వే గద జెప్పినవ్."

"అది ఇండ్లకు."

"తలుపున్నది గద మామా. తలుపుంటే ఇల్లే గద."

బాలనర్సు ఆలోచిస్తాడు. అందులో తప్పేమీ కనపడదు. అందువల్ల కోపం ఇంకా పెరుగుతుంది.

గుల్నార్ హోటల్‌లో ముప్పై మంది ముందే చేరారు. గౌస్ భాయ్ బిస్కెట్లు పరిచి ఉంచాడు. బాలనర్సు పెద్దకుర్చీలో కూర్చుంటాడు. ఫ్యాన్ నెమ్మదిస్తుంది.

విల్సన్‌ను ఎత్తుతాడు. "ఒక్క చెయ్యితోని రెండు బాల్‌లు పట్టిండు. ఆ చెయ్యి ఉండి ఏం లాభం, మనకు గర్వం తెప్పిస్తది." కుడివైపు కొరుకుతాడు. అందరూ తలలూపుతారు.

రైట్ బ్యాక్‌ను ఎత్తుతాడు. "వీనికి రెండు కాళ్ళెందుకు? ఒక్కటైతే తిరగనీకె సులువు." కొరుకుతాడు.

ఆరిఫ్‌లో ఇక తినడానికి పెద్దగా మిగల్లేదు. పొడిని వేలితో అద్ది నాకుతాడు.

ఖారీ ఎత్తి పైపొర విరుస్తాడు. "సార్‌ల అన్నీ పొరలే. లోపల సార్ లేడు." ఆ మాటకే హోటల్ బయట రోడ్డు దాటుతున్న పీటర్ సార్ కాగితమంత పలచబడి, వస్తున్న సిటీ బస్సు అద్దానికి అతుక్కుంటాడు. డ్రైవర్ వైపర్ వేస్తాడు. లోపల చప్పట్లు కొడతారు.

చివరికి టేబుల్ మీద ఒకటే మిగులుతుంది. గుండ్రంగా, ఎర్రగా, ఎక్కడా గీత లేకుండా ఉంది.

అప్పుడు రాజలింగు లోపలికి వస్తాడు. గడప దగ్గర ఆగి, గౌస్ భాయ్ రమ్మన్నాకే వస్తాడు. బూట్ల లేసులు ముడేసి మెడలో వేసుకున్నాడు. పక్క టేబుల్ దగ్గర, గోడవైపు కూర్చుంటాడు. ఏమీ తెప్పించుకోడు.

"ముంచాల్సిందే" అంటాడు మొగులయ్య. "పెనాల్టీ తన్నకుండ వాపస్ వచ్చినోడు మన దగ్గర ఇంతవరకు లేడు. లేకుంటే చెప్పు బాలనర్సన్నా, నీ పండ్లు సొంతోళ్ళ మీద పనిజేస్తలేవంటే నేను కూసుంట."

ముప్పై మంది నవ్వుతారు. ఆ నవ్వు బాలనర్సు ఎదురుగా ఎప్పుడూ వినపడలేదు.

"మామా" అంటాడు రాజలింగు. మెల్లగా అంటాడు. "ఏడేండ్ల సంది ఆడుతున్న. గోల్ గొట్టినప్పుడు గూడ నువ్వేం అనలే. ఒక్క మాట మంచిగ జెప్పు. సీసల పడ్తా. జెప్పినంక తిన్నా సరే."

"చెప్పినంక తినొద్దు, రూల్ ఉన్నది" అంటాడు గౌస్ భాయ్.

"అయితే చెప్పుడే సాలు."

బాలనర్సు బిస్కెట్ వేళ్ళ మధ్య పట్టుకుంటాడు. మంచి మాట చెబితే ముప్పై మందీ కప్పులు ఎత్తి తాగడం మొదలుపెడతారు. ఇక ఆయన మాట కోసం ఎవరూ ఆగరు. అయినా చెబుదామనుకుంటాడు. చెప్పడానికి చాలా ఉంది. వానలో, బురదలో, ముగ్గుర్ని దాటుకుని తలతో కొట్టిన ఆ గోల్ ఉంది. ఆ రోజు బాలనర్సు ఇంటికి పోయి ఒక్కడే గోడవైపు తిరిగి నవ్వాడు. అది చెప్పాలి. మాట కోసం బుర్రంతా వెతుకుతాడు. మొద్దు దొరుకుతుంది. దండుగ దొరుకుతుంది. వంకర, వట్టి, పనికిరాని, అన్నీ పనిముట్ల డబ్బాలో ఉన్నట్టు నూనె రాసి వరసగా ఉన్నాయి. కావలసిన మాట పెట్టే గూడు ఉంది. అందులో మాట లేదు.

వెతుకుతూ ఉండగానే అలవాటుపడిన చెయ్యి బిస్కెట్‌ను చాయ్‌లో ముంచుతుంది.

"ఒకటి" అని మొగులయ్య లెక్కపెడతాడు. "రెండు. మూడు."

బాలనర్సు ఇంకా వెతుకుతున్నాడు.

"నాలుగు" అంటాడు మొగులయ్య. ఆ హోటల్‌లో ఆ అంకె ఎవరూ విని ఉండరు. గౌస్ భాయ్ గుడ్డ భుజం మీద నుంచి జారిపోతుంది.

"అయిదు."

బిస్కెట్ మెత్తబడి, నడుం దగ్గర వంగి, విరిగి చాయ్‌లో పడుతుంది. రెండో ముక్క వేళ్ళ మధ్య నుంచి దానంతట అదే దిగి దాని వెనకాల పోతుంది.

పక్క టేబుల్ దగ్గర రాజలింగు నడుం దాకా తడిసిపోయాడు. కుర్చీ కింద గోధుమ రంగు మడుగు కడుతోంది.

గౌస్ భాయ్ దగ్గరికొచ్చి వంగుతాడు. "పడినదాన్ని చెంచతోని తియ్యొద్దు. తాగాలె. లేకుంటే నువ్వు కుర్చీల నుంచి లెవ్వు పెద్దాయనా, నేను మల్లు గుడ్డల వడపోస్త. పోరడు సగమన్న దొరుకుతడు. సగం చాలు, పెండ్లి గూడ అయితది."

మొగులయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు. పెద్దకుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. చెయ్యి వెచ్చగా బాలనర్సు మెడకు తగులుతోంది.

బాలనర్సు రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద ఆనిస్తాడు. లేవడానికే ఆనించాడు. ముప్పై మందీ ఆయన్నే చూస్తున్నారు. ఒక్కడూ ఊపిరి తియ్యడం లేదు. ఇంత నిశ్శబ్దం ఆయనకు ఎవరూ ఎన్నడూ ఇవ్వలేదు.

అరచేతులు ఎత్తి కప్పు అందుకుంటాడు. తాగుతాడు. అడుగున ఉన్నది జారడానికి కప్పు వంచి, అడుగు మీద రెండుసార్లు తడతాడు.

రాజలింగు ఛాతీ దాకా లేడు. మెడ, ముఖం, మెడలో బూట్లు ఉన్నాయి.

"తియ్యగున్ననా మామా?" అని అడుగుతాడు.

బాలనర్సు మూతి తుడుచుకుంటాడు. ముప్పై మంది వింటున్నారు.

"చక్కెర తక్కువైంది."

బూట్లు నేల మీద పడతాయి. ముప్పై మంది లేచి నిలబడి చప్పట్లు కొడతారు. మొగులయ్య చెయ్యి తీసేసి, తన కుర్చీలో కూర్చుని, తల వంచుకుంటాడు. పెద్దకుర్చీని ఇక ఎవరూ అడగరు.

బాలనర్సు వాళ్ళకు ఏదో చెప్పబోతాడు. నాలుక దురదగా ఉంటుంది. నోరు తెరుస్తాడు.

గౌస్ భాయ్ ఆ నోట్లోకి తొంగి చూస్తాడు. "గడ్డి మొలిసింది" అంటాడు. "పచ్చగున్నది. మన గ్రౌండ్‌ల ఉన్నదానికంటె నయం."

మొగులయ్య చూస్తాడు. క్లబ్ సెక్రటరీని పిలిపిస్తారు. ఆయన చూపుడువేలితో నాలుక నొక్కి, మెత్తగానే ఉందంటాడు. రెండు మునిసిపల్ బళ్ళలో సున్నం వస్తుంది. నాలుక మీద పొడవునా, అడ్డంగా గీతలు గీస్తారు. మధ్యలో గుండ్రం కూడా గీస్తారు. బాలనర్సు దాన్ని కదలకుండా ఉంచుతాడు. మంచి పని అని ఆయనకూ అనిపిస్తుంది.

జనం గ్యాలరీ ఎక్కినట్టు పళ్ళెక్కుతారు. పదిహేను వేల మంది, కింది వరసకు కొందరు, పై వరసకు కొందరు. కూర్చునే ముందు రుమాలుతో పన్ను తుడుచుకుంటారు. పుచ్చిపోయిన దవడపన్ను దగ్గర తోపులాట జరుగుతుంది. ఎవరో అరుస్తారు: "ఏం నోరయ్య ఇది, కూసోనీకె సరిగ్గ లేదు!" పక్కవాడు కాగితం మీద రాసుకుంటాడు.

గొంతులోంచి కొత్త జట్టు బయటికి వస్తుంది. పది మంది వస్తారు. పదకొండోవాడు లోపలే, చీకటి మొదలయ్యే చోట ఆగి నిలబడతాడు. పిలిస్తే గానీ రాడు.

బాలనర్సుకు అప్పుడు మాట దొరుకుతుంది. చిన్నదే. బాగా ఆడినవ్ బిడ్డా అనడమే. దాన్ని పలకాలంటే నాలుక కదపాలి. నాలుక కదిపితే గ్రౌండు మడతపడి, పది మంది గొంతులోకి జారిపోతారు. రిఫరీ చెయ్యెత్తి కదలొద్దని సైగ చేస్తాడు.

పదకొండోవాడు చాలా ఓపికగా నిలబడి ఉన్నాడు. నడుం దాకా తడిగా ఉన్నాడు. లోపలి నుంచి చాయ్ వాసన వస్తోంది.

బాలనర్సుకు నోరూరుతుంది. వెచ్చని వాన మొదటి చుక్కలు సున్నపు గీతల మీద పడతాయి. పళ్ళ మీద పదిహేను వేల నల్ల గొడుగులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి.