తాగనోడి లివర్

పరశురాములు మందు ముట్టడని బొగ్గుబావి క్వార్టర్లలో అందరికీ తెలుసు. దావత్‌కు పిలిస్తే మాంసం గిన్నె దగ్గరికి జరిగి, కూల్‌డ్రింక్ సీసా పట్టుకుని కూర్చుంటాడు. తోటి డ్రైవర్లు ఎన్ని ఎకసెక్కాలాడినా నవ్వి ఊరుకుంటాడు. అటువంటి మనిషి పొద్దున డ్యూటీకి పోయి గేటు దగ్గర గొట్టంలో ఊదితే, తాగాడని చెప్పింది మిషన్. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అదే మాట. డంపర్ తాళాలు తీసుకుని ఇంటికి పంపారు. ఇంకేముంది, వాడలో ఏ అరుగు మీద చూసినా ఇదే ముచ్చట.

భార్య జమునకు మాత్రం ఇది వట్టి ముచ్చట కాదు. ఆమె తండ్రి లచ్చయ్య తాగి తాగి, కడుపు ఉబ్బి చనిపోయాడు. పెళ్లిచూపుల్లో ఆమె అడిగిందల్లా ఒక్కటే, పిల్లగాడు తాగుతడా అని. తాగడన్నందుకే చేసుకుంది. ఆ సంబరంతో చాయ్‌లో చక్కెర రెండింతలు వేసి, కంచంలో అన్నం గుట్టగా పెట్టి, అడిగినప్పుడల్లా సేమియా పాయసం చేసి మొగుణ్ణి సాకింది. ఇప్పుడు కంపెనీ దవాఖానలో తీసిన స్కానింగ్‌లో లివర్‌కు కొవ్వు పట్టిందని తేలేసరికి ఆమెకు అనుమానం గట్టిపడింది. తండ్రికీ మొదట ఇదే చెప్పారు మరి.

"బిడ్డ మీద ఒట్టు, నేను ముట్టలే" అన్నాడు పరశురాములు.

"మా బాపు గూడ గట్లనే ఒట్లు పెట్టిండు" అంది జమున.

కరీంనగర్ ఆసుపత్రికి బయల్దేరే ముందే ఆమె బట్టలు సర్దిపెట్టుకుంది. తాగుడు నిజమని తేలితే కూతురు ప్రవళికను తీసుకుని జమ్మికుంటకు, తల్లి దగ్గరికి పోవడమే. మళ్లీ ఈ గడప తొక్కకూడదనుకుంది.

డాక్టరమ్మ సృజన నిదానం మనిషి. పరగడుపున రక్తం తీయించి చూస్తే అందులో మందు జాడ లేదు. అతన్ని వార్డులో పడుకోబెట్టి, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి, "ఇక్కడే కూర్చోమ్మా. ఎవరినీ దగ్గరికి రానీయకు" అని జమునకే కాపలా అప్పగించింది. జమున కన్నార్పలేదు. బాత్రూముకు పోతే తలుపు దగ్గర నిలబడింది.

మధ్యాహ్నానికల్లా అతని కళ్లు మత్తుగా వాలాయి. నోటి నుంచి అదే వాసన. తండ్రి మంచం దగ్గర ఆమె చిన్నప్పటి నుంచి ఎరిగిన వాసన.

"ఎవడిచ్చిండు నీకు?" అని అరుస్తూ దిండు ఎత్తింది, పరుపు దులిపింది. ఏమీ దొరకలేదు. ఎవరూ రాలేదని ఆమెకే అందరికంటే బాగా తెలుసు.

మళ్లీ తీసిన రక్తం రిపోర్టుతో డాక్టరమ్మ వచ్చింది. "వెతకకమ్మా, సారా ఈయన కడుపులోనే తయారవుతోంది. అందరి పేగుల్లోనూ కంటికి కనిపించని క్రిములుంటాయి, చాలావరకు మేలు చేసేవే. ఈయనకు ఒక జాతి మితిమీరి పెరిగింది. తిన్న అన్నాన్ని, చక్కెరను పులియబెట్టి సారా చేస్తోంది. అది పేగుల నుంచి నేరుగా లివర్‌కే పోతుంది. లివర్‌లో కొవ్వున్న అందరికీ ఇట్లా కాదు, ఇది అరుదు. మందులిస్తాను. తీపి మానాలి, అన్నం బాగా తగ్గించాలి."

జమునకు సంతోషమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మొగుడి చెయ్యి పట్టుకుంది. "మాఫ్ చెయ్యి. నిన్ను నమ్మకపోతి."

పరశురాములు ఆమె వైపు తిరిగాడు.

"నేను గూడ నమ్మలే జమునా" అన్నాడు. "మిషన్ చెప్పె, లోకం చెప్పె, నువ్వు గూడ చెప్తివి. తాగి మర్చిపోతున్ననేమో అనుకున్న. మొన్న బెల్టు షాపుకు పోయి, నేనెప్పుడన్న ఇక్కడికి వచ్చిన్నా అని అడిగిన."

"ఏమన్నడు వాడు?"

"తాగొచ్చి అడుగుతున్నవా అని నవ్విండు."

జమున నవ్వలేదు. వార్డంతా చూస్తున్నా లెక్కచేయకుండా, అతని తలను గుండెకు హత్తుకుని బావురుమంది.