తుడవని నీళ్ళు

పొద్దున్నే కళ్ళు తెరవగానే ఆమె చూసేది మొగుడి మొహాన్నో గడియారాన్నో కాదు, పక్కగదికి వెళ్ళి పైకప్పుని. కూతురు పడుకునే గదిలో సిమెంటు పొట్టలా ఉబ్బి ఉంది. నిన్నటికంటే కాస్త కిందికి దిగిందా, లేక తన భయమే దించిందా అని చాలాసేపు చూస్తుంది. కూతురి మంచాన్ని ఇప్పటికి మూడుసార్లు జరిపింది. ఇంక జరపడానికి గదిలో చోటు లేదు.

పైన ఇంటి ఓనరుగారి బాత్రూము. అక్కడ వాళ్ళు స్నానాలు చేస్తే ఇక్కడ స్విచ్‌బోర్డు పక్కగా గోడ మీద నీళ్ళు కారతాయి. లేవగానే ఒకసారి, ఆఫీసుకి వెళ్ళేముందు ఒకసారి, మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో పరుగెత్తుకొచ్చి ఇంకోసారి తుడిచి బకెట్లోకి పిండుతుంది. "మళ్ళీ ఇంటికా? నిధి ఏమన్నా దాచారా మేడమ్?" అంటాడు మేనేజరు. నలుగురూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నిధి కాదు, బకెట్ అని చెప్పడానికి నోరు రాదు. అత్తగారైతే ఫోన్లోనే తేల్చేశారు, "ఇల్లన్నాక తడి ఉండదా? మేం తుడుచుకోలేదూ!"

ఓనరుగారు రాలేదని కాదు, నెల కిందట వచ్చారు. ఆ రోజు ఆమె చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. పెద్దమనిషి వస్తున్నాడు కదా అని, ఆయన రావడానికి పది నిమిషాల ముందు గోడా నేలా శుభ్రంగా తుడిచి, బకెట్ దాచి, ఫ్యాను కూడా వేసింది. "ఏదమ్మా నీళ్ళు? ఇల్లు అద్దంలా పెట్టుకుని లీకంటారేంటి!" అని వెళ్ళిపోయారాయన. "నా పరువు తీశావు. ఇంకోసారి ఆ మాటెత్తకు. ఖాళీ చెయ్యమంటే స్కూలు పక్కన ఇంకో ఇల్లు నువ్వు వెతుకుతావా?" అన్నాడు మొగుడు. అప్పట్నుంచి ఆమె నోరు మూసుకుని తుడుస్తోంది.

ఈ సాయంత్రం స్కూలు నుంచి రాగానే కూతురు లైటు వెయ్యబోయి కెవ్వుమంది. "అమ్మా, స్విచ్ కరిచింది!"

ఆమె పరుగెత్తుకొచ్చింది. పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకు చూసింది. మెయిన్ ఆపేసి, పిల్లని బయట మెట్ల మీద కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ గుడ్డ తీసుకుని లోపలికొచ్చి వంగింది.

వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తను తుడుస్తున్నది నీళ్ళని కాదు, సాక్ష్యాన్ని. తను తుడిచినంతకాలం ఈ ఇంట్లో లీకు లేదు. ఉన్నట్టు తెలిసింది తన నడుముకి, ఇవాళ పిల్ల వేళ్ళకి.

గుడ్డని దండెం మీద ఆరేసింది. ఖాళీ బకెట్ బోర్లించింది. నీళ్ళు తీరిగ్గా గోడ దిగి, గదంతా పరుచుకుని, గడప దాకా వచ్చాయి. మెట్ల మీద పిల్ల పక్కన కూర్చుంది. ఆయన ఏమంటాడో, ఓనరు ఏమంటాడో, రేపు సామాను ఏ వీధిలో ఉంటుందో. లేచి తుడిచేద్దామని రెండుసార్లు అనిపించింది. రెండుసార్లూ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మొగుడొచ్చాడు. బూట్లు విప్పి ఎప్పట్లాగే చూసుకోకుండా లోపల అడుగేశాడు.

"ఏంటిది! తుడవలేదా?"

"లేదండీ. పాపకి షాక్ కొట్టింది. మెయిన్ ఆపాను. ఓనరుగారిని పిలవండి. కళ్ళారా చూసేదాకా నేను తుడవను."

"ఖాళీ చెయ్యమంటే?"

"అననివ్వండి." ఆమె మాట వెనక్కి తీసుకోలేదు.

ఆయన పిల్ల వేళ్ళ వైపు చూశాడు. తడిసి బరువెక్కిన మేజోళ్ళ వైపు చూసుకున్నాడు. ఫోను కోసం జేబు తడుముకున్నాడు. నాలుగు నెలలుగా కారుతున్న నీళ్ళు ఆయన కాళ్ళకి తగలడం అదే మొదటిసారి.