చేవలేని సఫేదా

పంజాగుట్ట జాగీర్దారు బంగళాలో సఫేదా చెట్టు మీద రాజమ్మకు మొదటినుంచీ నమ్మకం లేదు. ఆడవాళ్లుండే జనానా కిటికీలకు చాటుగా ఉంటుందని కాశ్మీరు నుంచి మొక్క తెప్పించి నాటించారు. ఆరేళ్లకే గోడ దాటి, మేడ దాటి, కొవ్వొత్తిలా నిటారుగా లేచింది. అంత తొందరగా పెరిగినదాంట్లో బలమేముంటుంది? అక్కడ అంట్లు తోమే రాజమ్మ రాలిన పుల్లలు ఏరుకొచ్చి పొయ్యిలో పెట్టేది. అగ్గిపుల్లల్లా భగ్గుమని, అన్నం ఉడక్కముందే బూడిదయ్యేవి.

ఆ యేడు ఎండలకు చెట్టు కొన మాడిపోయింది. ఆ ఎండిన కొన కొట్టడానికి తోటమాలి ఓదెలు ఎవరినో కాదు, రాజమ్మ ఒక్కగానొక్క కొడుకు ఐలయ్యనే పిలిచాడు. ఐలయ్య అమీర్‌పేటలో కల్లు గీస్తాడు.

"తాడి వంగుతది గాని ఇరగదు బిడ్డా. గిది చేవలేని చెట్టు. పోకురా."

"పిల్లి ఎదురైతే పోకంటవ్, ఎవడు తుమ్మినా పోకంటవ్. నీ మాట ఇంటే గడప సుత దాటొద్దు!"

తాడిచెట్టు మీంచి పడి తండ్రి పోయిన ఇల్లది. తెల్లారి కొడుకు లేవకముందే రాజమ్మ వాడి మోకు తీసి కట్టెలమోపు కింద దాచింది. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే ఆ తాడు లేనిదే గౌండ్లవాడు నేల విడిచి కాలెత్తడు. ఇవాళ్టికి గండం గడిచిందనుకుని, బల్కంపేట గుడికి పోయి ఎల్లమ్మకు కోడిని మొక్కుకుని, పొద్దెక్కాక పనికి పోయింది.

పోయేసరికి ఐలయ్య సఫేదా కిందే ఉన్నాడు, వట్టి చేతులతో.

"మోకు ఏడ పోయిందో దొరకలేదే అమ్మా. అయినా గీనికెందుకు? తాడికైతే కొమ్మలుండయ్. గిది జూడు, కిందికెళ్లి మీదిదాంక నిచ్చెనేసినట్టే ఉన్నది!"

అంటూనే ఎక్కాడు. మోకు ఎక్కడుందో చెబుదామని రాజమ్మ నోరు తెరిచింది. చెబితే తెచ్చుకుని ఇంకా పైకి పోతాడేమోనని మూసుకుంది.

మేడ ఎత్తుకు పోయాక వాడు పట్టుకున్న కొమ్మ మొదలంటా పుటుక్కున ఊడింది.

ప్రాణం దక్కింది. నడుము దక్కలేదు.

"రాజమ్మ ముందే అన్నది, ఇన్నడా?" అన్నారు వాడకట్టంతా. మంచంలోంచి ఐలయ్యదీ అదే మాట. "నీ మాట ఇనకపోతి అమ్మా."

ఇప్పుడు ఏది చెప్పినా వింటాడు. మందు మింగమంటే మింగుతాడు. పక్కకు తిరుగు బిడ్డా అంటే, ఆమె వచ్చి తిప్పేదాకా అట్లాగే చూస్తుంటాడు.